కొసరు లెక్క: కార్డు పాయింట్లతో విమానం టికెట్టు

ఈ నెల గోడపత్రికలో పద్యమో కథో ఉంటుందని ఆగినవాళ్లు ఇక్కడ టికెట్ల లెక్క చూసి విస్తుపోకండి. ఇదీ ఒక పాఠమే. కిందటి వారం మూడో సంవత్సరం అమ్మాయిలు క్లాసు అయ్యాక అడిగారు: "క్రెడిట్ కార్డు తీసుకుంటే పాయింట్లు వస్తాయంట, వాటితో విమానం ఊరికే ఎక్కొచ్చంట, నిజమేనా మేడమ్?" సగం నిజం అని చెప్పాను. మిగతా సగం నిలబడి చెప్పేది కాదు, కూర్చుని లెక్క వేయాల్సింది. అందుకే రాస్తున్నాను. మీలో చాలామంది ఇంకో ఏడాదిలో ఉద్యోగంలో చేరతారు. మొదటి జీతం పడిన నెలలోనే కార్డు ఇస్తామని ఫోన్లు మొదలవుతాయి. ఆ ఫోను రాకముందే ఈ లెక్క మీ చేతిలో ఉండాలి.

1. కొసరు అంటే

కూరగాయల అంగడిలో అరకిలో వంకాయలు, పావుకిలో బెండకాయలు తూచి ఇచ్చాక అంగడామె రెండు రెబ్బలు కరివేపాకు, నాలుగు కాడల కొత్తిమీర సంచిలో పడేస్తుంది. దానికి డబ్బు అడగదు. అదే కొసరు. ఇక్కడ చెన్నైలో తమిళం వాళ్లు కూడా దాన్ని 'కొసురు' అనే అంటారు కాబట్టి మీకెవరికీ ఈ మాట కొత్త కాదు. తెలుగులో దానికి బంధువులు ఎక్కువ. ఇంకొంచెం ఇమ్మని అడగడం కొసరడం. వద్దంటున్నా ఇంకో గరిటె వేయడం కొసరి వడ్డించడం.

కార్డు పాయింట్లను అర్థం చేసుకోవడానికి ఇంతకంటే మంచి మాట లేదు. కొసరుకు రెండు గుణాలున్నాయి. ఒకటి, అసలు కొన్నాకే కొసరు వస్తుంది. కరివేపాకు కోసమని ఎవరూ వంకాయలు కొనరు. రెండు, కొసరు ఉత్తినే వచ్చినట్టు కనిపిస్తుంది గానీ దాని ఖరీదు ఆ వంకాయల ధరలో ఎక్కడో కలిసే ఉంటుంది. ఈ రెండూ గుర్తుంటే మిగతా పాఠం తేలిక.

2. ఈ కొసరు ఎవరి జేబులోంచి వస్తుంది?

మీరు ఒక అంగట్లో వెయ్యి రూపాయలకు కార్డు గీశారనుకోండి. అంగడివాడి ఖాతాలో వెయ్యి పడదు. సుమారు 980 పడుతుంది. కార్డును బట్టి, అంగడిని బట్టి ఈ కోత కొంచెం అటూఇటూ ఉంటుంది. కోసుకున్నది మీకు కార్డు ఇచ్చిన బ్యాంకు, అంగడివాడికి మిషను ఇచ్చిన బ్యాంకు, మధ్యలో వీసా, మాస్టర్‌కార్డ్, రూపే లాంటి సంస్థ పంచుకుంటాయి. ఆ పంపకంలో ఎక్కువ వాటా మీకు కార్డు ఇచ్చిన బ్యాంకుది. అందులోంచి కొంత తీసి మీకు పాయింట్లుగా ఇస్తుంది.

అంగడివాడు ఆ ఇరవై రూపాయలు ఎక్కడ పూడ్చుకుంటాడు? సరుకు ధరలో. లేదంటే మొహమాటం లేకుండా "కార్డయితే రెండు శాతం ఎక్స్‌ట్రా" అంటాడు. టీనగర్ రంగనాథన్ వీధిలో తిరిగినవాళ్లకు ఈ మాట అలవాటే. అలా అడిగిన చోట కార్డు గీసి పాయింట్లు సంపాదించడమంటే రెండు రూపాయలిచ్చి రూపాయిన్నర కొనుక్కోవడం. అక్కడ యూపీఐ మేలు. బ్యాంకు ఖాతా నుంచి నేరుగా చేసే యూపీఐ చెల్లింపుకు 2020 జనవరి నుంచి అంగడివాడికి ఈ కోత లేదు.

బ్యాంకుకు కార్డుల మీద ఇంకో రెండు ఆదాయాలున్నాయి. ఏడాది రుసుము ఒకటి, వడ్డీ ఒకటి. వడ్డీ సంగతి ఆరో భాగంలో చెప్తాను. ఈ పాఠానికి ప్రాణం అదే.

3. పాయింటు వేరు, మైలు వేరు

రెంటినీ కలిపేసి మాట్లాడతారు గానీ తేడా ఉంది. పాయింటు బ్యాంకు ఇచ్చేది, మైలు విమాన సంస్థ ఇచ్చేది. మైలు మొదట నిజంగా మైలే. అమెరికాలో 1978లో విమాన ఛార్జీల మీద ప్రభుత్వ నియంత్రణ ఎత్తేశారు. సంస్థల మధ్య పోటీ పెరిగింది. మాటిమాటికీ ప్రయాణం చేసేవాళ్లను తమ దగ్గరే నిలుపుకోవడానికి అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1981 మే 1న 'అడ్వాంటేజ్' అనే పథకం పెట్టింది. ఎగిరిన ప్రతి మైలూ ఖాతాలో రాసుకుంటారు. కొన్ని వేల మైళ్లు కూడితే ఒక టికెట్టు ఇస్తారు. కొద్ది రోజులకే యునైటెడ్ కూడా అదే పని చేసింది. తర్వాత ప్రపంచమంతా పాకింది.

అదే 1981లో మన ఆంధ్రా బ్యాంకు క్రెడిట్ కార్డు తెచ్చింది. దేశంలో కార్డులు మొదలుపెట్టిన తొలి బ్యాంకుల్లో అదొకటి. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో మచిలీపట్నంలో స్థాపించిన బ్యాంకది. 2020 ఏప్రిల్‌లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఎక్కడో అమెరికాలో పుట్టిన మైలు, ఇక్కడ మొదలైన కార్డు తర్వాతి కాలంలో ఒకదానికొకటి తోడయ్యాయి. బ్యాంకులు విమాన సంస్థల దగ్గర మైళ్లు టోకున కొని, కార్డు వాడేవాళ్లకు పంచడం మొదలుపెట్టాయి. అందుకే ఇవాళ విమానం ఎక్కనివాళ్ల దగ్గర కూడా మైళ్లుంటున్నాయి.

మైలుకూ దూరానికీ ఉన్న సంబంధం కూడా సడలిపోయింది. ఎయిర్ ఇండియా 2024లో తన పథకాన్ని మార్చి, ఎగిరిన దూరాన్ని బట్టి కాకుండా టికెట్టుకు పెట్టిన డబ్బును బట్టి పాయింట్లు ఇస్తోంది. ఆ పథకం పేరు ఇప్పుడు 'మహారాజా క్లబ్'. ఇండిగో కూడా 2024లో 'బ్లూచిప్' పేరుతో తన పథకం ప్రకటించింది.

ఇంకో సౌకర్యం ఉంది. విమాన సంస్థలు కూటములు కట్టాయి. 1997లో ఐదు సంస్థలతో మొదలైన 'స్టార్ అలయన్స్'లో ఎయిర్ ఇండియా 2014 జూలైలో చేరింది. సింగపూర్ ఎయిర్‌లైన్స్, లుఫ్తాన్సా అందులోనే ఉన్నాయి. కాబట్టి ఒక సంస్థ దగ్గర కూడబెట్టిన మైళ్లతో అదే కూటమిలోని ఇంకో సంస్థ విమానం ఎక్కవచ్చు. అక్క పురుటికి అమ్మను అమెరికా పంపాల్సిన ఇళ్లు మన తెలుగువాళ్లలో తక్కువేం కాదు. చెన్నై నుంచి అమెరికాకు నేరుగా విమానం లేదు, ఎక్కడో ఒకచోట మారాలి. అలాంటి ప్రయాణాల్లోనే ఈ కూటముల ఉపయోగం తెలుస్తుంది.

4. ఒక పాయింటు ఎంత?

పాయింటుకు స్థిరమైన ధర ఉండదు. ఎక్కడ మారిస్తే అక్కడి ధర. ఈ సూత్రం నోట్సులో రాసుకోండి:

టికెట్టు మామూలు ధర నుంచి, మైళ్లతో తీసినా చేతి నుంచి కట్టాల్సిన పన్నులు, రుసుములు తీసేయాలి. మిగిలినదాన్ని మైళ్లతో భాగించాలి.

నేను మా అమ్మకు చెన్నై నుంచి విశాఖపట్నానికి టికెట్టు తీసినప్పటి లెక్క చూడండి. ఆ రోజు మామూలు ధర 6,200 రూపాయలు. మైళ్లతో అయితే 7,000 మైళ్లు, పైన 1,100 రూపాయల పన్నులు. 6,200లో 1,100 పోతే 5,100. దాన్ని 7,000తో భాగిస్తే 73 పైసలు. అంటే ఆ రోజు, ఆ విమానానికి, నా మైలు ఖరీదు 73 పైసలు. అవే 7,000 పాయింట్లు పెట్టి బ్యాంకువాళ్ల బహుమతుల జాబితాలో మిక్సీయో గోడ గడియారమో తీసుకునుంటే పాయింటుకు పావలా లెక్కన 1,750 రూపాయల వస్తువు వచ్చేది. పాయింట్లు అవే, చేతికొచ్చింది మాత్రం మూడో వంతు.

ఇంకో రోజు అదే విమానం 3,500కే దొరికితే? 3,500లో 1,100 పోగా 2,400. మైళ్లు అప్పుడూ 7,000 అడిగితే మైలు ఖరీదు 34 పైసలే. ఆ రోజు డబ్బు పెట్టి టికెట్టు కొనుక్కుని, మైళ్లు దాచుకోవాలి. టికెట్టు ధర మండిపోయే సంక్రాంతి ముందు రోజుల్లో వాటిని తీయాలి. అన్నట్టు, ఆ రోజుల్లో మైళ్లకు ఇచ్చే సీట్లు కూడా తక్కువే ఉంటాయి. దాని ఉపాయం తర్వాతి భాగంలో చెప్తాను.

ఇక సంపాదన వైపు లెక్క. నూరు రూపాయల ఖర్చుకు 2 పాయింట్లు ఇచ్చే కార్డు అనుకుందాం. 7,000 పాయింట్లకు ఎంత ఖర్చు చేయాలి? మూడున్నర లక్షలు. నెలకు 15,000 కార్డు మీద ఖర్చు చేసే అమ్మాయికి ఏడాదికి 3,600 పాయింట్లు వస్తాయి. చెన్నై నుంచి విశాఖకు ఒకవైపు టికెట్టు రావడానికి దాదాపు రెండేళ్లు పడుతుంది. "ఊరికే విమానం" అన్న మాటలో దాగిన సగం ఇదే. నూటికి రెండు పాయింట్లు, పాయింటు 73 పైసలు అంటే నూటికి మీ కొసరు 1 రూపాయి 46 పైసలు. ఈ అంకెను పట్టుకోండి. ఆరో భాగంలో దీన్ని ఇంకో అంకె పక్కన పెట్టి చూస్తాం.

కొసరే అసలును మించిన సందర్భం ఒకటుంది. 1999లో అమెరికాలో డేవిడ్ ఫిలిప్స్ అనే ఇంజనీరు, ఒక ఆహార సంస్థ తన సరుకు లేబుళ్లకు విమాన మైళ్లు ఇస్తామన్న ప్రకటన చూశాడు. ఆ సంస్థ సరుకులో అన్నిటికంటే చవకైనది పావు డాలరు పుడ్డింగు కప్పు. లెక్క వేశాడు. సుమారు మూడు వేల డాలర్లు పెట్టి 12,150 కప్పులు కొని, పన్నెండు లక్షల పైచిలుకు మైళ్లు సంపాదించాడు. పుడ్డింగునేమో పేదలకు అన్నం పెట్టే ధర్మసంస్థకు ఇచ్చేశాడు. బదులుగా అక్కడి కార్యకర్తలు కప్పుల మీది లేబుళ్లు ఒలిచిపెట్టారు. ఇన్నేళ్లయినా జనం ఇంకా ఆ కథే చెప్పుకుంటున్నారంటే అలాంటి అవకాశం ఎంత అరుదో గ్రహించండి. అతను మెచ్చుకోదగ్గవాడే. ముందు లెక్క వేశాడు, తర్వాత కొన్నాడు. మనలో చాలామంది ముందు కొంటారు.

5. టికెట్టు తీసే వరస

మొదట ఊరు, తర్వాత విమానం, చివర కార్డు. అందరూ దీన్ని తలకిందులుగా చేస్తారు. ఏ ఊరికి తరచు వెళ్తారో, అక్కడికి చెన్నై నుంచి ఏ సంస్థ విమానాలున్నాయో చూసుకుని, ఆ సంస్థకు పాయింట్లు బదిలీ చేయగల కార్డు ఎంచుకోవాలి.

విమాన సంస్థ పథకంలో సభ్యత్వం ఉచితం. కార్డు లేకపోయినా ఇవాళే చేరవచ్చు. పాస్‌పోర్టులో పేరు ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయండి. మన ఇంటిపేరు, తమిళనాడు పద్ధతి ఇనీషియలు కలిసి చేసే గందరగోళం మీకు తెలిసిందే. బ్యాంకులో ఒక పేరు, విమాన ఖాతాలో ఇంకో పేరు ఉంటే బదిలీ ఆగిపోవచ్చు.

పాయింట్లు బదిలీ చేసేముందు ఆ తేదీన మైళ్లకు సీటు ఉందో లేదో చూడండి. విమానంలో సీటు ఖాళీగా ఉన్నంత మాత్రాన అది మైళ్లకు దొరకదు. కొన్ని సీట్లే కేటాయిస్తారు. బదిలీ ఒకవైపు దారి. బ్యాంకు పాయింటు మైలుగా మారాక మళ్లీ పాయింటు కాదు. సీటు చూడకుండా బదిలీ చేయడమంటే పెళ్లికూతురు ఎవరో తేలకముందే మంటపానికి అడ్వాన్సు కట్టడం.

ముందుగా చూడడమే సంక్రాంతికి ఉపాయం. రైలు రిజర్వేషను 2024 నవంబరు నుంచి 60 రోజుల ముందే తెరుస్తున్నారు. చాలా విమాన సంస్థలు పది, పదకొండు నెలల ముందే అమ్మకం మొదలుపెడతాయి. మైళ్ల సీట్లు మొదట్లోనే చూసుకున్నవాళ్లకు దొరుకుతాయి. పండగ తేదీ ఎటూ మారదు కదా.

పన్నులు, రుసుములు చూడండి. మైళ్లతో తీసిన టికెట్టుకూ విమానాశ్రయ రుసుములు, పన్నులు చేతి నుంచి కట్టాలి. కొన్ని విదేశీ సంస్థలు ఇంధనం పేరుతోనో మరో పేరుతోనో పెద్ద మొత్తం కలుపుతాయి. ఒక్కోసారి అదే సగం టికెట్టంత అవుతుంది. నాలుగో భాగంలోని సూత్రంతో భాగించి చూడనిదే బటను నొక్కకండి.

చివరిది, మైళ్లను దాచి దాచి పూజించకండి. వాటికి గడువు ఉంటుంది. సింగపూర్ ఎయిర్‌లైన్స్ మైళ్లకు మూడేళ్లు. గడువు లేకపోయినా భయం ఉంది, ఎందుకంటే నిన్న 7,000 మైళ్లున్న టికెట్టును ఇవాళ 9,000 అనే హక్కు వాళ్లకుంది. సంస్థే మూతపడవచ్చు. కింగ్‌ఫిషర్ విమానాలు 2012లో ఆగిపోయాయి. ఎగరని విమానానికి మైళ్లుండి ఏం లాభం? జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న ఆగింది. దాని మైళ్ల పథకం వేరే కంపెనీగా ఉండడం వల్ల పేరు మార్చుకుని కొంతకాలం నిలిచింది. బంగారం బీరువాలో ఉంటే పెరుగుతుందేమో గానీ మైలు ఖాతాలో ఉంటే తరుగుతుంది.

6. నూటికి నాలుగు

మన పెద్దవాళ్లు వడ్డీని ఏడాదికి ఇంత శాతం అని చెప్పరు. నూటికి నెలకు ఇన్ని రూపాయలు అంటారు. "నూటికి రూపాయి" అంటే ధర్మవడ్డీ. "నూటికి రెండు" అంటే సరే, అవసరం. "నూటికి మూడు" అనగానే ముఖం చిట్లిస్తారు. చాలా క్రెడిట్ కార్డుల మీద వడ్డీ నెలకు మూడున్నర శాతం దాకా, కొన్నిటికి ఇంకా పైన. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ. రెండూ కలిపితే నూటికి 4 రూపాయల 13 పైసలు. ఇంగ్లీషులో చిన్న అక్షరాల్లో చదివితే ఏమీ అనిపించదు. ఇంట్లో అమ్మమ్మతో "నూటికి నాలుగు రూపాయల వడ్డీకి తెచ్చాను" అని చెప్పి చూడండి.

1 రూపాయి 46 పైసల పక్కన ఇప్పుడు ఈ 4 రూపాయల 13 పైసలు పెట్టండి. ఒక్క నెల వడ్డీ కట్టారంటే ఆ ఖర్చు మీద వచ్చిన కొసరుకు దాదాపు మూడింతలు పోగొట్టుకున్నట్టు.

మన శాఖలో చదివి వెళ్లిన ఒకమ్మాయి కిందటేడు నా దగ్గరికి బిల్లు పట్టుకుని వచ్చింది. పేరు, బ్యాంకు మనకు అనవసరం. కార్డు వచ్చిన కొత్తలో ఇంత ఖర్చు చేస్తే ఇన్ని బోనసు పాయింట్లు అన్నారు. ఆ గీత దాటడానికి జూన్ 10న 40,000 పెట్టి ఫోను కొంది. జూలై 5న బిల్లు వచ్చింది, కట్టాల్సిన గడువు జూలై 25. బిల్లులో రెండు అంకెలుంటాయి. మొత్తం బాకీ 40,000. కనీస మొత్తం 2,000. గడువు రోజు ఆమె 2,000 కట్టింది. కట్టేశాననే అనుకుంది. ఎందుకు అనుకోదు? 'కనీస మొత్తం చెల్లించండి' అని వాళ్లే రాశారు కదా.

ఆగస్టు 5న వచ్చిన బిల్లు లెక్క నల్లబల్ల మీద వేసి చూపించాను. వడ్డీ గడువు దాటిన రోజు నుంచి కాదు, ఫోను కొన్న రోజు నుంచే మొదలవుతుంది. జూన్ 10 నుంచి జూలై 24 వరకు 45 రోజులు, 40,000 మీద. ఏడాదికి 42 శాతం చొప్పున 2,071 రూపాయలు. జూలై 25 నుంచి ఆగస్టు 5 వరకు 12 రోజులు, మిగిలిన 38,000 మీద 525 రూపాయలు. మొత్తం 2,596. జీఎస్టీ 467. అంతా కలిపి 3,063. బాకీ ఎంతయింది? 38,000కు 3,063 కలిపితే 41,063. రెండు వేలు కట్టాక కూడా ఫోను ధరకంటే వెయ్యి రూపాయలు ఎక్కువ బాకీ. ఆ నలభై వేల ఖర్చుకు మామూలుగా వచ్చిన 800 పాయింట్ల ఖరీదు నా లెక్కలో 584 రూపాయలు. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా ఏది గీసినా దానికి వడ్డీ లేని గడువు ఉండదు. బస్ పాసుకు గీసినా మొదటి రోజు నుంచే వడ్డీ. ఆమెకు ఆ సంగతి తెలియక మూడు నెలలు అలాగే గీస్తూ వచ్చింది.

ఆమె ఏడుస్తుంటే నేను చెప్పింది ఒక్కటే: ఎక్కువ వడ్డీ అప్పును తక్కువ వడ్డీ అప్పుతో ముందు తీర్చు. చేతి గాజులు బ్యాంకులో కుదువ పెట్టింది. నూటికి రూపాయి లోపు వడ్డీ. కార్డు బాకీ ఒక్కసారిగా కట్టేసింది. గాజులు ఎనిమిది నెలల్లో విడిపించుకుంది. ఆ బోనసు పాయింట్లు ఇప్పటికీ ఆమె ఖాతాలోనే ఉన్నాయి, చూడబుద్ధి కావడం లేదంటుంది.

ఇక్కడ మన భాష మనకు మంచి సాయం చేస్తుంది. అప్పు వేరు, చేబదులు వేరు. చేబదులుకు వడ్డీ లేదు, కాగితం లేదు, అనుకున్న రోజుకు తిరిగి ఇచ్చేయాలి. గడువులోగా మొత్తం కట్టేసే అమ్మాయికి కార్డు చేబదులు. వంద మిగిల్చినా అది అప్పు. ఒకే బ్యాంకు, ఒకే కార్డు, పక్కపక్క కుర్చీల్లో పనిచేసే ఇద్దరమ్మాయిలు. ఒకామె మొత్తం కట్టి పాయింట్లతో విమానం ఎక్కుతుంది. ఇంకొకామె కనీస మొత్తం కట్టి నూటికి నాలుగు ఇచ్చుకుంటుంది. మొదటామె టికెట్టులో రెండోఆమె వడ్డీ కూడా కొంత ఉంది. కొసరు గాల్లోంచి రాదని మొదటి భాగంలో అన్నది ఇందుకే.

చట్టం కాపాడుతుందా అంటారేమో. ఏడాదికి 30 శాతానికి మించి వడ్డీ వేయడం అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో చెప్పింది. సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 20న ఆ తీర్పును కొట్టివేసింది. 30 శాతం అన్న గీత ఇప్పుడు లేదు. మన గీత మనమే గీసుకోవాలి.

7. కార్డు తీసుకునే ముందు

మీరు అడగకుండా కార్డు ఇవ్వకూడదని రిజర్వు బ్యాంకు నియమం. ఒప్పుకోకుండా పంపి బిల్లు వేస్తే, ఆ బిల్లు రద్దు చేసి, దానికి రెండింతలు జరిమానాగా మీకే ఇవ్వాలి. బాకీ లేకుండా కార్డు మూసేయమని అడిగితే ఏడు పని దినాల్లో మూసేయాలి. లేకపోతే రోజుకు 500 రూపాయల చొప్పున మీకు ఇవ్వాలి. ఈ రెండూ గుర్తుంటే ఫోనులో మాట్లాడేటప్పుడు గొంతులో ధైర్యం ఉంటుంది.

మొదటి కార్డుకు ఏడాది రుసుము లేనిదే మేలు. రుసుము ఉంటే, ఏడాదిలో మీకు వచ్చే కొసరు దానికంటే ఎక్కువో కాదో లెక్క వేయండి. అద్దె, పెట్రోలు, వాలెట్‌లో డబ్బు వేయడం వంటివాటికి చాలా బ్యాంకులు పాయింట్లు ఇవ్వవు. ఆ జాబితా ముందే చదవండి. కార్డుతో ఏటీఎంలో డబ్బు తీయకండి. దానికి వడ్డీ లేని గడువు ఒక్కరోజు కూడా లేదు. జీతం ఖాతా నుంచి బిల్లు దానంతటదే కట్టుకునే ఏర్పాటు పెట్టండి. అందులో 'కనీస మొత్తం', 'మొత్తం బాకీ' అని రెండు ఎంపికలుంటాయి. రెండోదే ఎంచుకోండి. ఈ పాఠంలో ఒక్క వాక్యం మాత్రమే గుర్తుంటుందంటే ఇదే గుర్తుంచుకోండి.

కార్డు గీసేముందు ఒక ప్రశ్న వేసుకోండి: పాయింట్లు లేకపోయినా ఈ వస్తువు కొంటానా? అవును అంటే గీయండి, కొసరు మీ హక్కు. లేదంటే మీరు కరివేపాకు కోసం వంకాయలు కొంటున్నారు.

8. అభ్యాసం

(అ) 60,000 రూపాయల గొలుసు కొంటున్నారు. కార్డయితే నూటికి రెండు ఎక్కువ అన్నాడు అంగడివాడు. మీ కార్డు నూటికి 2 పాయింట్లు ఇస్తుంది, పాయింటు 73 పైసలు. కార్డు గీస్తే లాభమా, నష్టమా? ఎంత?

(ఆ) టికెట్టు మామూలు ధర 5,000. మైళ్లతో అయితే 9,000 మైళ్లు, పైన 1,400 రూపాయలు. మైలు ఖరీదు ఎంత? ఈ టికెట్టు మైళ్లతో తీస్తారా? కారణం రెండు వాక్యాల్లో రాయండి.

(ఇ) మీ ఇంట్లో ఎవరి దగ్గరైనా కార్డు ఉంటే, అడిగి వారి బిల్లు చూడండి. 'మొత్తం బాకీ', 'కనీస మొత్తం', 'గడువు తేదీ' ఎక్కడున్నాయో గుర్తించండి. వాటిలో ఏది పెద్ద అక్షరాల్లో ఉంది?

(ఈ) అప్పు, అరువు, బదులు, చేబదులు, తాకట్టు, కుదువ: ఈ ఆరు మాటలకూ మీ ఇంట్లో పెద్దవాళ్లు ఏ అర్థంలో ఏది వాడతారో అడిగి రాసుకురండి. ఒక్కో మాటకు సొంత వాక్యం ఒకటి. మంచి వాక్యాలు వచ్చే నెల ఇదే గోడ మీద ఉంటాయి.